విశ్వాసమునకు రాజముద్ర యేల?

మతవిషయమున వాదము సలుపువారు ప్రతిపక్షి యేమి చెప్పుచున్నాడో వినుటకు ముందే, వాడెవ్వడు, ఏ కులమువాడు, ఏమి చదివినాడు, ఎవరి యన్నము తినుచున్నాడు అని విచారింప మొదలిడుట లోకమున చిరకాలమునుండి వచ్చుచున్న దురాచారము. ఈ విచారణవలన వాదమునకు సమాధానము చెప్పవలసిన శ్రమ తప్పును. సభలోనివారికి నవ్వుకొనుటకు విషయము దొరకును. సత్యము మాత్రము వాకిటనే నిలిచి వెనుకకు మరలిపోవును. ఇట్లు నాలుగువందల యేండ్లుగా వాకిట నిలువబడిన యొక వాదమును గూర్చి చదువరులకు విన్నవించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మన యోరుగంటి సీమవారికి ఆ వాదము పరాయిది కాదు. హనుమకొండలో అమెరికా బాప్టిస్టు మిషనువారు 1879వ సంవత్సరమున తమ స్థానమును నెలకొల్పిరి. ఓరుగల్లునుండి బెజవాడకు పోవు రైలుదారిలో డోర్నకలు కలదు. అది ఆంగ్లికను సంఘమున బిషప్పు పదవి నందిన మొదటి భారతీయుడగు వేదనాయకము సామ్యూల్ అజరయ్యగారి పీఠము. ఆయన 1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన అభిషిక్తుడయ్యెను. త్రోవను పోవువానికి ఈ రెండు చోట్ల నున్నవియు కిరస్తానీ గుళ్లే. కాని 1947వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన మదరాసులో ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలువారు ఏకమై దక్షిణ ఇండియా సంఘము నేర్పరచుకొన్నపుడు డోర్నకలు అందులో చేరెను. తెలుగు బాప్టిస్టులు చేరలేదు.

ఏల చేరలేదని యడిగినచో, పసిబిడ్డలకు బాప్తిస్మ మిచ్చుటకు వారొప్పుకొనరనియు, బిషప్పుల యధికారము వారికి సమ్మతము కాదనియు ప్రత్యుత్తరము వచ్చును. విన్నవారు నవ్వుదురు. నెత్తిపై నాలుగు చుక్కలు చిలకరించిన నేమి, నడుములోతు నీటిలో ముంచి తీసిన నేమి, ఈ నీళ్ల తగవునకై సోదరులు వేరుపడవలెనా యని పెద్దలును పరిహసింతురు. ఇది నీళ్ల తగవు కాదనియే మా వాదము. విశ్వాసమునకు హక్కుదారు డెవ్వడు? రాజా? తండ్రియా? అన్నము పెట్టినవాడా? లేక నమ్మినవాడేనా? తొలినాటి బాప్టిస్టు గ్రంథకర్తలు చెరసాలలనుండి వ్రాసినదంతయు ఈ యొక్క ప్రశ్నకు సమాధానమే. ఈ వ్యాస మే సంఘమునకును వకాల్తా కాదు. ఆ సమాధానము వారి యొక్కరి సొత్తు కాదని, అది మన కందరకు నేడు కావలసిన వస్తువని చూపుటయే మా పని.

పదునేడవ శతాబ్దపు ఇంగ్లండులో రాజమత మెట్టిదో ముందు తెలిసికొనవలెను. రాజు రాజ్యమునకు వలెనే సంఘమునకును అధిపతి. ఊరు సంఘము, సంఘమే యూరు. పుట్టిన ప్రతిశిశువును గుడికి గొనిపోయి నీళ్లు చల్లి పేరు పుస్తకమున వ్రాయుదురు. ఆ వ్రాతతోడనే వాడు క్రైస్తవుడును, రాజుగారి ప్రజయును అగును. ఆదివారము గుడికి రానివాడు జరిమానా యిచ్చుకొనవలెను. గుడి నమ్మినను నమ్మకున్నను పంటలో పదియవ పాలు గురువునకు చెల్లింపవలెను. బిషప్పు సెలవు లేనివాడు బోధింపరాదు. ఇట్టి దేశమున నొకడు లేచి, ఊహ తెలియని బిడ్డకు విశ్వాసము లేదు, విశ్వాసము లేనిచోట బాప్తిస్మము లేదు, కావున మీరు చేసినది వట్టి నీళ్లు చల్లుటయే యని పలికినచో, వాడు వేదాంతమున చిన్న సవరణ చేయువాడు గాడు. రాజ్యమునకు పునాదిరాయిని కదలించువాడు. పాలకు లీ సంగతిని స్పష్టముగా గ్రహించిరి. నవ్విన మనమే గ్రహింపలేదు.

కావున వారిపై మోపబడిన మొదటి నేరము రాజద్రోహము. థామస్ హెల్విస్ అను నాతడు రాజమతాధికారుల బాధ పడలేక జాన్ స్మిత్ మొదలగువారితో ఆమ్‌స్టర్‌డామునకు పోయి, అచ్చట సురక్షితముగా నుండియు, తన వారిని విడిచి పారిపోయి వచ్చుట తగదని తలచి లండనునకు మరలి వచ్చెను. ఆ నగరపు శివారున ఇంగ్లండు గడ్డమీది మొదటి బాప్టిస్టు సంఘమును స్థాపించెను. 1612వ సంవత్సరమున నొక గ్రంథమును ప్రకటించి, దాని ప్రతి నొకదానిని జేమ్సు రాజునకు స్వహస్తముతో వ్రాసిన విన్నపముతో సమర్పించెను. రాజు మర్త్యుడే కాని దేవుడు కాడనియు, ప్రజల శరీరములపైనను సొత్తులపైనను ఆయన కధికారము కలదు గాని వారి యాత్మలపై లేదనియు ఆ విన్నపముయొక్క తాత్పర్యము. ఫలితముగా హెల్విస్ న్యూగేటు చెరసాల పాలై, 1616వ సంవత్సర ప్రాంతమున గతించెను. ఆ 1612వ సంవత్సరముననే ఎడ్వర్డు వైట్‌మన్ అను నాతడు, శిశువుల బాప్తిస్మమును నిరాకరించుట మొదలగు మతవిరోధములకై లిచ్‌ఫీల్డులో సజీవముగా దహింపబడెను. మతవిరోధమునకై ఇంగ్లండులో జరిగిన దహనములలో నదియే కడపటిది.

హెల్విస్ గ్రంథమున మన మాశ్చర్యపడవలసిన విషయ మింకొకటి కలదు. బాధితుడు తనకు స్వేచ్ఛ కావలెనని యడుగుట సహజము. అందు గొప్ప యేమియు లేదు. హెల్విస్ తనకే కాదు, తురుష్కులకును, యూదులకును, మతవిరోధు లనబడు వారందరకును అదే స్వేచ్ఛ యుండవలెనని వ్రాసెను. తురుష్కుల పేరు వినిన ఐరోపా యంతయు వడకుచున్న కాలమది. తన సంఘమున చేరినవారు గుప్పెడుమంది. అట్టివాడు తనకు శత్రువులని లోకము చెప్పువారి పక్షమునకూడ వకాల్తా పట్టెను. పరుల స్వేచ్ఛను కోరనివాడు స్వేచ్ఛను కోరినవాడు కాడు. ఆధిపత్యమున తన వంతు రాలేదని యేడ్చువాడు మాత్రమే. హెల్విస్ అట్టివాడు కాడనుటకు ఇంతకన్న సాక్ష్య మేమి కావలెను?

ఆ కాలపు చెరసాలలోని యొక ఖైదీని గూర్చి రోజర్ విలియమ్సు వ్రాసిన వృత్తాంతము చదువదగినది. ఆ ఖైదీకి కాగితముగాని సిరాగాని యీయరు. మిత్రుడొకడు దినదినమును పాలసీసా పంపుచు, దాని మూతికి బిరడాగా కాగితమును చుట్టి పెట్టుచుండెను. ఖైదీ ఆ కాగితముపై పాలతో వ్రాసి మరల పంపుచుండెను. వెలుపల మిత్రుడు దానిని నిప్పుసెగకు చూపగా నక్షరములు గోధుమవన్నెతో పొడచూపుచుండెను. మతవిషయమున హింస కూడదను పుస్తక మట్లు పుట్టెను. దానికి సమాధానముగా మసాచుసెట్సులోని కాటన్ గురువు వ్రాసినదానిని రోజర్ విలియమ్సు 1644వ సంవత్సరమున ఖండించుచు, ఇది పాలతో వ్రాయబడగా దాని ప్రత్యుత్తరము రక్తముతో వ్రాయబడెనని యర్థము వచ్చునట్లు పలికెను. విలియమ్సు పుస్తకమును పార్లమెంటువారు లండనులో తగులబెట్టించిరి. రాజుపై తిరుగబడిన పార్లమెంటు కూడ మతవిషయమున రాజుగారి నిప్పునే యరువు తెచ్చుకొన్నదని చదువరులు గమనింతురు గాక.

నిజాము ప్రభుత్వమున సభ జరుపుటకు ముందు సెలవు పొందవలెనని శాసించిన గస్తీ నిషాన్ తిర్పన్ అను నుత్తరువును మన తెలంగాణము మరచిపోలేదు. ఇంగ్లండులో 1664వ సంవత్సరపు చట్టము, ఒక కుటుంబమువారు గాక అయిదుగురికి మించి రాజమతమునకు వెలియైన యారాధనకు కూడుటయే నేరమని శాసించెను. జనులు కూడుటకు భయపడు ప్రభుత్వము ఏ దేశమున నున్నను, ఏ మతము నవలంబించినను, దాని పోలిక యొక్కటే.

రెండవ నేరము, వీరు జర్మనీలోని మున్‌స్టరు పట్టణపు తిరుగుబాటుదారుల సంతతి యనుట. 1534, 1535 సంవత్సరములలో పునర్బాప్తిస్మవాదులు కొందరు ఆ పట్టణమును పట్టుకొని, రాజు నొకని నిలుపుకొని, బహుభార్యాత్వము మొదలగు నకృత్యములు చేసిరి. నూరేండ్లు గడచిన పిమ్మట లండనులో నదీస్నానము చేయించు ప్రతివానిపైనను ఆ దోషమును మోపుచుండిరి. డేనియల్ ఫీట్లీ అను ఆంగ్లికను పండితుడు 1642వ సంవత్సరమున సౌత్‌వర్కులో బాప్టిస్టులతో వాదించి, 1645వ సంవత్సరమున 'ముంచువారికి మునక' యను నర్థమిచ్చు పేరుతో పుస్తకము ప్రకటించెను. అది పలుమార్లు అచ్చుపడెను. వీరు స్త్రీపురుషులను సిగ్గు విడిచి నదులలో ముంచుదురనియు, రాజ్యాధికారమును ధిక్కరింతురనియు ప్రచారమైన నిందల కది భాండాగారము.

బాప్టిస్టులు తిట్టునకు తిట్టుతో బదులిచ్చియుండవచ్చును. అట్లు చేయక, లండనులోని యేడు సంఘములవారు 1644వ సంవత్సరమున తమ విశ్వాసప్రకటనమును అచ్చువేయించి, పునర్బాప్తిస్మవాదులను పేరు తమకు అబద్ధముగా తగిలింపబడినదని ముఖపత్రముననే చాటిరి. రాజ్యాధికారము దైవనియతమే యని యొప్పుకొనిరి. ముంచువాడును మునుగువాడును తగిన వస్త్రములు ధరించి మర్యాదతో నుండవలెనని యంచున వ్రాసిరి. ఫీట్లీ యాక్షేపణలు వెలువడిన పిమ్మట తమ ప్రకటనమును మరల పరిశీలించి, పదములను సవరించి, 1646వ సంవత్సరమున పార్లమెంటునకు సమర్పించిరి. నింద వచ్చినపుడు తమ మాటను స్పష్టపరచుకొనుట, ప్రతిపక్షి చెప్పినదానిలో నిజమున్నంతవరకు గ్రహించుట, అబద్ధమును మాత్రము నిర్భయముగా త్రోసివేయుట, ఇదియే వాదధర్మము. ఫీట్లీ తానును ఆ పుస్తకము వ్రాయునాటికి పార్లమెంటువారి చెరసాలలో నుండెను. చెరసాల గోడలు పండితుని చుట్టునుకూడ లేచునని తెలిసియు, ఆ గోడల నింకొకని చుట్టు కట్టవలెనని వాదించుటకంటె విచారకర మేమున్నది?

మూడవ నేరము చదువులేమి. ఇది యన్నిటికంటె పాతది, అన్నిటికంటె సుఖమైనది. గ్రీకురానివాడు వేదార్థము చెప్పుటయా? పాతపాత్రలకు మాటువేయువాడు బోధకుడా? ఆ మాటువేయువాడు జాన్ బన్యన్. బోధింపనని మాట యిచ్చినచో విడిచెదమని చెప్పినను మాట యీయక, 1660వ సంవత్సరము మొదలు పండ్రెండేండ్లు బెడ్‌ఫర్డు చెరసాలలో నుండెను. 1678వ సంవత్సరమున నతడు ప్రకటించిన యాత్రికుని కథను లోకములోని భాషలన్నియు తమ తమ యిండ్లకు తెచ్చుకొన్నవి. అతనిని చెరసాలకు పంపిన న్యాయాధిపతుల పేళ్లు ఆ ఖైదీ చరిత్రలో తప్ప మరెచ్చటను వినబడవు.

బెంజమిన్ కీచ్ సంగతి యింకను చిత్రమైనది. అతడు పసిపిల్లలకై చిన్న వాచకమును వ్రాసెను. అందు శిశువుల బాప్తిస్మము సరికాదని యుండుటయే యపరాధము. 1664వ సంవత్సరమున విన్‌స్లో సంతలో అతని మెడను చేతులను కొయ్యచట్రమున బిగించి నిలువబెట్టి, కన్నులయెదుట తలారిచేత ఆ వాచకమును తగులబెట్టించిరి. కీచ్ తరువాత దానిని జ్ఞాపకమునుండి మరల వ్రాసెను. పిల్లల వాచకమునకు భయపడిన రాజ్యము ఎంత బలవంతమైనదో చదువరులే నిర్ణయింపవచ్చును.

ఈ చదువులేమి నిందయే యోడనెక్కి మనదేశమునకు వచ్చినది. 1793వ సంవత్సరమున విలియమ్ కేరీ కుంపిణీవారి యనుజ్ఞ లేకయే బంగాళమునకు వచ్చి, 1800వ సంవత్సరమున డేనులవారి యేలుబడిలోని శ్రీరామపురమున స్థిరపడెను. అతడు స్వదేశమున చెప్పులు కుట్టువాడు. 1806వ సంవత్సరము జూలై 10వ తేదీన వేలూరులో సిపాయీలు తిరుగబడగా, మిషనరీల బోధయే కారణమని కొందరు లండనులో కేకలు వేసిరి. 1808వ సంవత్సరమున సిడ్నీ స్మిత్ అను ఆంగ్లికను గురువు ఎడింబరో రివ్యూ పత్రికలో శ్రీరామపురమువారిని కడుపుబ్బ నవ్వించునట్లు పరిహసించెను. మరుసటి యేటి వ్యాసమున వారిని చెప్పులు కుట్టువారని యెగతాళి చేసెను. అతని చమత్కారమును నేటికిని మెచ్చువారు కలరు. కాని యా చెప్పులు కుట్టినవాడే 1814వ సంవత్సరమున శ్రీరామపురమున మన తెలుగుభాషకు వ్యాకరణమును ఆంగ్లమున రచించి యచ్చువేయించెను. చమత్కారి తెలుగువారికై యేమి చేసెనో మాకు కనబడలేదు.

చెప్పులు కుట్టువాడు భక్తుడు కారాదా? ఈ ప్రశ్న ఓరుగంటి సీమకు కొత్తది కాదు. పాలకుర్తి సోమనాథుడు బసవపురాణమున మాదార చెన్నయ్యను శివభక్తులలో నగ్రగణ్యునిగా నిలిపెను. కులమునుబట్టి గాక భక్తినిబట్టి మనుష్యుని గౌరవింపవలెనని మన నేలమీదనే యేడువందల యేండ్లకు పూర్వము ద్విపదలలో చాటబడినది. సిడ్నీ స్మిత్ నవ్వును, సోమనాథు నెదిరించిన పండితుల నవ్వును ఒక్క చోటనే పుట్టినవి. తోలు ముట్టిన చేయి దైవమును ముట్టరాదను తలపే యా చోటు.

స్మిత్ మొదలగువారికి సమాధానము చెప్పినవాడు కెటరింగు సంఘమున బోధకుడును, బాప్టిస్టు మిషనరీ సొసైటీకి కార్యదర్శియు నగు ఆండ్రూ ఫుల్లరు. అతడొక రైతు కుమారుడు; కళాశాల మెట్లెక్కినవాడు కాడు. కుంపిణీ యుద్యోగి ట్వైనింగు, దేశీయులను వారి మతములలో కదల్పకుండుటయే పరమతసహనమని వ్రాసియుండెను. ఫుల్లరు 1808వ సంవత్సరమున ప్రకటించిన సమాధానమున నీ సహనమను పదమును చేతబట్టి పరీక్షించెను. సహనమనగా ప్రతివాడును తాను నమ్మినదానిని నమ్ముటకును, చెప్పుటకును, విన్నవాడు ఇష్టమైన నొప్పుకొనుటకును, కాకున్న త్రోసివేయుటకును వీలుండుటయే గాని, ఎవ్వడును ఎవ్వనితోను మాటలాడకుండ నోళ్లు కుట్టివేయుట కాదని యతని వాదసారము. ఒప్పించుట వేరు, నిర్బంధించుట వేరు. ఈ రెంటిని కలిపి చెప్పువాడు నిర్బంధమును ద్వేషించువాడు కాడు, ప్రశ్నను ద్వేషించువాడు.

భాషాంతరీకరణమున కూడ నీ తగవు తలయెత్తినది. బంగాళీ నూతన నిబంధనలో బాప్టిస్టులు బాప్తిస్మమను గ్రీకుశబ్దమునకు మునుగుటయను నర్థము వచ్చు దేశీయపదమును వాడగా, బైబిలు సొసైటీవారు ధనసహాయమును నిరాకరించిరి. బాప్టిస్టులు 1840వ సంవత్సరమున వేరొక సంఘమును స్థాపించుకొనవలసివచ్చెను. మన తెలుగు బైబిలులోను ఆ గ్రీకుశబ్దము బాప్తిస్మమను రూపముననే నిలిచియున్నది. గ్రంథమంతయు దేశభాషలోనికి తెచ్చి, తగవున్న యొక్క పదమును మాత్రము అర్థముకాకుండ విడిచిపెట్టుట సర్వసమ్మతమైన యుపాయమే. కాని యా సమ్మతి చదువరియొక్క తెలివిని తాకట్టుపెట్టి సంపాదించినది.

నాల్గవ నేరము మన దేశమున పుట్టినది: వీరు కూటికొరకు మతము మారినవా రనుట. 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన ఒంగోలునకు సమీపమున వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సరాంతమునకు వారి సంఖ్య 9,606కు చేరెను. వారిలో బహుళసంఖ్యాకులు మాదిగలు. అంతకు ముందు రెండేండ్లు దేశము ఘోరమైన కరవున మాడియుండెను. జాన్ క్లౌగ్ అను మిషనరీ బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. ఇంతవరకు విని, చూచితిరా, గంజి పోసిరి, బాప్తిస్మ మిచ్చిరి యని తీర్పు చెప్పువారు తక్కిన సగమును వినరు. కరవుపని సాగిన కాలమున, సుమారు పదునైదు నెలలు, క్లౌగు బాప్తిస్మమిచ్చుటయే మానివేసెను. వచ్చినవారిని త్రిప్పి పంపెను. పని ముగిసి, పంచుటకు ధనము లేక, చేయి ఖాళీయైన పిమ్మటనే నదిలో దిగెను.

ఏల మానెను? పసిబిడ్డకు ఊహ లేనందున బాప్తిస్మము చెల్లదన్న సిద్ధాంతమే, ఆకలిగొన్నవానికి స్వేచ్ఛ లేనందున బాప్తిస్మము చెల్లదని యతనిచేత చెప్పించినది. రాజు కత్తి చూపి రాబట్టిన విశ్వాసమును, దాత కూడు చూపి కొనిన విశ్వాసమును హెల్విస్ తక్కెడలో నొక్కటే తూకము తూగును. కూటికొరకు మతము మార్పించువా రెచ్చటనైన నున్నచో వారిని నిందించుట కింతకంటె పదునైన యాయుధము లేదు. అయితే యాక్షేపకుల నొక్కటి యడిగెదము. ఎర్రగుంట్ల పేరయ్య 1866వ సంవత్సరమున, కరవునకు పదేండ్ల ముందే, బాప్తిస్మము పొంది ఊరూర తిరిగి తన మాదిగ కులమువారికి బోధించెను. అతని నే గంజి పిలిచినది? అన్నము లేనివానికి ఆత్మయు లేదనుకొనుట దయ కాదు. అదియు నొకవిధమైన యంటరానితనమే.

ఇక ప్రతిపక్షమువారి బలమైన వాదమును దాచుట న్యాయము కాదు. అది డోర్నకలు అజరయ్యగారి వాదము. ఇంగ్లండునందలి తగవులు, అమెరికానందలి తగవులు మన పల్లెలకేల? మాలపల్లెలోను మాదిగవాడలోను జనులు ఒంటిగా గాక కుటుంబములుగా, వాడవాడలుగా కదలి వత్తురు. తల్లిదండ్రులు వచ్చినపుడు చంకలోని బిడ్డను వాకిట నిలుపుట యెట్లు? విభేదములు దేశీయ సంఘమునకు బలహీనత కాదా? ఆయన పీఠమున లక్షకు పైబడిన గ్రామీణులు చేరిరి. తాను విలాయతి యాచారముల దాసుడు కానని, తెలుగు పాటలతోను తెలుగు పండుగల పద్ధతులతోను ఆరాధనను నడపి చూపెను. ఇట్టివానిని జేమ్సు రాజుగారి బిషప్పులతో జతగట్టుట యన్యాయము. 1930వ సంవత్సరము మొదలు మనదేశపు ఆంగ్లికను సంఘము ఇంగ్లండు రాజమతముతో చట్టబంధమును కూడ తెంచుకొన్నది.

అయినను ఆ వాదమున నొక లోపము కలదు. గుంపు కదలుట సత్యమే. గుంపుతో వచ్చుటయే విశ్వాసమనుట సత్యము కాదు. కులమే సర్వస్వమైన దేశమున, పుట్టుకచేత వచ్చు సభ్యత్వము ఎంత పవిత్రమైన పేరు పెట్టుకొన్నను రెండు తరములలో కులమగును. వీరశైవము కులమును కాదని లేచి, దీక్షను భక్తికి ముడిపెట్టి, తుదకు తానే కొన్ని కులములై కూర్చుండినది. ఆ యనుభవము మనకున్నది. కావున ప్రతి మనుష్యుడును తానుగా నిలిచి, ఊహ తెలిసి, నోరు తెరచి అవుననియో కాదనియో చెప్పు ఘడియ యొకటి యుండవలెనని బాప్టిస్టులు పట్టుపట్టుట విలాయతి తగవు కాదు. కులమను వ్యాధికి మందు.

ఆ మందును వారే త్రాగుచున్నారా యని యడుగు హక్కు మనకు కలదు. నేడు అనేక బాప్టిస్టు కుటుంబములలో బిడ్డకు పండ్రెండో పదునాలుగో యేండ్లు రాగానే, బంధువులను పిలిచి, కొత్తబట్టలు కట్టి, నీట ముంచుట ఇంటి వేడుకలలో నొకటి యైనది. ఆ బిడ్డ వలదన్నచో తండ్రి యేమనును? సంఘములో పదవికి ఎన్నికలు వచ్చినపుడు ఏ కులము ఏ యూరివారని లెక్కింపని సంఘములెన్ని? ఆస్తి తగవులకై న్యాయస్థానముల మెట్లరుగదీయుచు, మా పితరులు రాజు తీర్పు నంగీకరింపలేదని చెప్పుకొనుట యేమి యందము? అమెరికాలోని దక్షిణ రాష్ట్రముల బాప్టిస్టులు బానిసల యజమానులను మిషనరీలుగా పంపవచ్చునను పక్షమువహించి 1845వ సంవత్సరమున వేరుపడిరి. ఆత్మ స్వతంత్రమని చెప్పిన నోటితోనే శరీరము అమ్మకపుసరకని చెప్పిరి. హెల్విస్ గ్రంథము బీరువాలో నున్నంతమాత్రమున హెల్విస్ వారసత్వము రాదు.

ఇంతకంటె పెద్దప్రశ్న మన రాజ్యమునుగూర్చినది. మన రాజ్యాంగపు 25వ యధికరణము ప్రతివానికి నంతఃకరణ స్వాతంత్ర్యమును, తన మతమును నమ్ముటకును, ఆచరించుటకును, ప్రచారము చేయుటకును హక్కును ఇచ్చినది. అయినను 1967వ సంవత్సరమున ఒడిస్సాయు, 1968వ సంవత్సరమున మధ్యప్రదేశమును మతము మార్చుటనుగూర్చి శాసనములు చేసెను. వానిని 1977వ సంవత్సరమున సుప్రీంకోర్టు సమర్థించెను. పిమ్మట మరికొన్ని రాష్ట్రములు ఆ త్రోవను పట్టినవి. బలవంతమును, మోసమును శిక్షింపవలసినదే. అందుకు సాధారణ చట్టములే చాలును. కాని నమ్మకము మార్చుకొన్నవాడో, మార్చినవాడో మేజిస్ట్రేటునకు తెలియజేయవలెననునపుడు, హెల్విస్ రాజునకు చెప్పిన మాటను మనము వినలేదని యర్థము.

1950వ సంవత్సరపు షెడ్యూల్డు కులముల యుత్తరువు సంగతి యింకను స్పష్టము. అందలి మూడవ పేరా మొదట హిందువులకు మాత్రమే ఆ గుర్తింపు నిచ్చెను. 1956వ సంవత్సరమున సిక్కులను, 1990వ సంవత్సరమున బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవుడైన మాదిగ, ముసల్మానైన యంటరానివాడు వెలియే. మన తెలుగు రాష్ట్రములలో అట్టి క్రైస్తవులను వెనుకబడిన తరగతులలో 'సి' వర్గమున నుంచిరి. క్రైస్తవమున కులము లేదుగదా యని సమాధానము చెప్పుదురు. సిక్కు మతమునను, బౌద్ధమునను మాత్రము కులము శాస్త్రవిహితమా? కులము నమ్మినవాని మనస్సులో లేదు, ఊరివాని కన్నులో నున్నది. బావియొద్ద నీళ్లు పోయువాడు నీ మతమేమని యడుగలేదు. గాయము చేసినపుడు అడుగని ప్రశ్నను, మందు వేయునపుడు తహసీల్దారు కార్యాలయమున నడుగుట యే న్యాయము? నీ వేమి నమ్ముచున్నావో చెప్పుము, దానినిబట్టి నీ యంటరానితనము తీరినదో లేదో నిర్ణయింతునని రాజ్యము పలుకుట విశ్వాసమునకు వెలగట్టుటయే. కత్తికి బదులు కాగితము వచ్చినది, అంతియే భేదము.

కావున చదువరులారా, నీళ్ల తగవని నవ్వుటను మానుదము. పాలతో వ్రాసిన యా ఖైదీయు, సంతలో మెడ బిగింపబడిన యా వాచకకర్తయు, గుండ్లకమ్మ యొడ్డున చేయి ఖాళీయగువరకు వేచిన యా బోధకుడును, తెలిసియో తెలియకయో మన పక్షముననే వాదించిరి. హిందువుడైనను, ముసల్మానైనను, క్రైస్తవుడైనను, ఏ మతమును వలదనువాడైనను, తన విశ్వాసమును కాపాడుటకు రాజుగారి కఱ్ఱను పిలుచువాడు వారి న్యాయాధిపతుల పీఠమున కూర్చుండినవాడే. నిజమైన విశ్వాసమునకు కావలి యక్కరలేదు. కావలి లేనిదే నిలువని విశ్వాసమును నిలువబెట్టుట రాజ్యము పని కాదు. ఎదుటివాడు మనకు నచ్చని దానిని నమ్మినపుడు, వాని హక్కుకొరకు మనమెంత దూరము నడువగలమో, అంతవరకే మన స్వాతంత్ర్యాభిమానము నిజము.